దెబ్బ తగిలిన కుక్కను ఆసుపత్రికి ఎలా తీసుకువెళ్ళాలి? మేము చేసినదంతా తప్పేనా?

బెజవాడ_శారద
మంగళవారం రాత్రి తొమ్మిదిన్నర దాటాక మా అబ్బాయి స్కూటరు లోపల పెట్టడానికి గేటు తీసిన అరనిమిషంలో మా మల్లి వీధిలోకి పరుగెత్తింది. మూల తిరిగి వస్తున్న మోటారు సైకిలు దాన్ని గుద్దేసి ఆగకుండా వెళ్ళిపోయింది. మల్లి నాటు కుక్క; వయసు నాలుగేళ్ళు, బరువు 18 కిలోలు. అది వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ గేటు దాకా వచ్చి పడిపోతే, మా వారు గొర్రెపిల్లను ఎత్తినట్టు ముందు కాళ్ళూ వెనక కాళ్ళూ పట్టుకుని ఎత్తారు. నాలుగేళ్ళలో ఎవరి మీదా గుర్రుమనని కుక్క ఆయన ముంజేతిని రక్తం వచ్చేలా కరిచింది. ఆయన ఉలిక్కిపడి వదిలేయడంతో మళ్ళీ నేల మీద పడింది.

తరువాత జరిగింది ఇంకా అధ్వానం. ఫోనులో పిలిచిన కారు వచ్చి, కుక్కను చూసి, అద్దం కూడా దించకుండా వెళ్ళిపోయింది. రెండోదీ అంతే. చివరికి ఒక ఆటో దొరికితే నేను మల్లిని ముడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అది పెట్టిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. మొదట వెళ్ళిన చోట తలుపులు మూసి ఉన్నాయి. రెండో చోటికి చేరేసరికి నలభై నిమిషాలు గడిచాయి. కటి ఎముక రెండు చోట్ల విరిగిందనీ, ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరిందనీ, ముడిచి ఒళ్ళో పెట్టుకోవడంతో ఊపిరి తీసుకోవడం దానికి మరింత కష్టమైందనీ అక్కడి డాక్టరు చెప్పారు. మల్లి ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

ఏం తినిపించాలో, ఏ టీకా ఎప్పుడు వేయించాలో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు కాని, దెబ్బ తగిలిన జంతువును నేల మీద నుంచి ఎలా లేపాలో ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. అసలు మేము ఏం చేసి ఉండాల్సింది?

సందేహాల_రావు
ఆ గడియలో ఎవరైనా మీరు చేసిందే చేస్తారు. కళ్ళ ముందు కుక్క విలవిల్లాడుతుంటే పద్ధతి ప్రకారం ఎత్తాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? తరువాత కూర్చుని చెప్పే సలహాలకు విలువ తక్కువ.

ఐదో_అంతస్తు_పిల్లి
రావు గారూ, తరువాత కూర్చుని చెప్పుకుంటేనే కదా ముందుగా తెలిసేది. శారద గారి ప్రశ్న కూడా అదే.

శారద గారూ, నొప్పితో ఉన్న జంతువుకు యజమాని, పరాయివాడు అన్న తేడా ఉండదట. మా పిల్లి విషయంలో నాకు ఇది అనుభవమే. నా కథ తీరికగా రాస్తాను. ముందు మీ వారి చెయ్యి సంగతి చెప్పండి. డాక్టరుకు చూపించారా?

బెజవాడ_శారద
మల్లికి ఏటా టీకా వేయిస్తున్నాం కాబట్టి ఫరవాలేదని ఆయన అంటున్నారు. డెట్టాలు రాసి కట్టు కట్టుకున్నారు.

పశువైద్యుడు_కృష్ణాతీరం
ఇక్కడ చదవడమే కాని రాయడం తక్కువ. ఆ చివరి మాట చూశాక ఊరుకోలేకపోయాను. కుక్కకు టీకా ఉన్నా సరే, కరిచిన చోట సబ్బు రాసి, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగాలి, అదే రోజు మనుషుల డాక్టరుకు చూపించాలి. రేబిస్ టీకా, ధనుర్వాతం ఇంజెక్షను ఎవరికి ఎన్ని కావాలో వారే నిర్ణయిస్తారు. కుక్కను పది రోజులు గమనించాలి. ఇప్పటికి రెండు రోజులే అయింది కాబట్టి ఈ రోజే వెళ్ళమనండి.

ఇక మల్లి విషయం. ఛాతీలో గాలి చేరింది బండి గుద్దిన దెబ్బకు, మీ ఒడి వల్ల కాదు. ముడిచి పెట్టుకోవడంతో శ్వాస కష్టమైన మాట నిజమే కాని, ఆ రాత్రి మీరు దాన్ని అక్కడిదాకా చేర్చారు కాబట్టే ఈ రోజు మనం దాని గురించి మాట్లాడుకుంటున్నాం.

బండి కింద పడిన కుక్క దగ్గరకు ముఖానికి ఎదురుగా వెళ్ళి వంగకూడదు. పక్క నుంచి, మెల్లగా పేరు పెట్టి పిలుస్తూ వెళ్ళి, ముందు అర నిమిషం ఊరికే చూడాలి. ఊపిరి ఎలా తీస్తోంది, రక్తం ఎక్కడి నుంచి కారుతోంది, వెనక కాళ్ళు కదులుతున్నాయా అన్న మూడూ ఆ అర నిమిషంలోనే తెలుస్తాయి. తరువాత మూతి కట్టాలి. రెండు మూడు అడుగుల మెత్తటి గుడ్డ పీలిక గాని, చున్నీ గాని తీసుకుని వదులుగా ఒక ముడి వేసి, ఆ ఉచ్చును మూతి మధ్యకు జార్చి బిగించి, రెండు కొసలనూ గడ్డం కింద ఒకసారి మెలివేసి, చెవుల వెనక లాగితే ఊడిపోయేలా జారుముడి వేయాలి. లాగితే ఊడాలన్నది ఇందులో అతి ముఖ్యం, ఎందుకంటే దారిలో అది వాంతి చేసుకుంటే మీకు ఉండే సమయం రెండు మూడు క్షణాలే. వాంతులు అవుతున్నా, ఊపిరి ఆడక నోరు తెరిచి రొప్పుతున్నా, స్పృహ లేకపోయినా, పగ్ లాంటి పొట్టి ముక్కు జాతి అయినా మూతి కట్టనే కూడదు. అలాంటప్పుడు తల మీదుగా మందపాటి తువ్వాలు వదులుగా వేసి పట్టుకోవడమే దారి. మల్లికి ఊపిరి కష్టంగా ఉంది కాబట్టి దానికి కట్టకపోవడమే మంచిదైంది.

ఎత్తేటప్పుడు కాళ్ళు పట్టుకోకూడదు. గట్టి పలక ఒకటి వీపు వైపున నేల మీద ఆనించి, ఒకరు మెడ కిందా భుజాల కిందా, మరొకరు నడుము కిందా తొడల కిందా చేతులు పెట్టి, ఇద్దరూ ఒకేసారి పలక మీదికి జరపాలి. ఎత్తడం కాదు, జరపడం. వెన్ను మెలిక పడకుండా, పడుకున్న తీరు మారకుండా జరగాలి. పలక మీదికి వచ్చాక భుజాల దగ్గర ఒకటి, తుంటి ముందు ఒకటి వెడల్పాటి గుడ్డతో కట్టాలి. మెడ మీదుగా ఎప్పుడూ కట్టకూడదు. కటి విరిగిన కుక్కకు తుంటి మీద కట్టు బిగించకూడదు.

కొత్తపెంపకం
పలక అంటే ఏ పలక? ఇంట్లో ఏది ఉంటే అది సరిపోతుందా?

నల్లపిల్ల_నిజామాబాద్
మా ఇంట్లో క్యారమ్ బోర్డు వాడాం. నిజంగానే. మా నల్లపిల్ల మేడ మెట్ల మీద నుంచి జారి నడుం పట్టేసుకున్నప్పుడు అటక మీద నుంచి దించి, దుప్పటి పరిచి, దాని మీద పడుకోబెట్టి తీసుకువెళ్ళాం. చుట్టూ అంచు ఉండడంతో పక్కకు దొర్లలేదు. దుప్పటి మాత్రం మరిచిపోవద్దు. బోర్డు మీద ఏళ్ళ నాటి పౌడరు ఉంటుంది కదా, మొదటిసారి పెట్టినప్పుడు కుక్క స్ట్రైకరులాగా ఈ చివర నుంచి ఆ చివరకు జారింది.

సందేహాల_రావు
జేబులో పడలేదు కదా?

నల్లపిల్ల_నిజామాబాద్
పడలేదు, ఫౌలు కూడా కాలేదు. కాని మీరన్న ఆ మూలల కన్నాల్లో నుంచే నవారు దూర్చి కట్టాం. మా తాతగారి పాత మంచం నవారు. మెత్తగా, వెడల్పుగా ఉంటుంది, తాడులా చర్మంలోకి దిగదు. మూతి కట్టడానికి కూడా అదే ముక్క పనికివచ్చింది.

పశువైద్యుడు_కృష్ణాతీరం
నవారు మాట నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు. ఇంత మంచి పట్టీ ఇంకొకటి లేదు. కొత్తపెంపకం గారూ, ఇస్త్రీ బల్ల, ప్లైవుడ్ ముక్క, పాత అలమర తలుపు, ఏదైనా సరే. కుక్క మెడ నుంచి తోక మొదలు దాకా పట్టాలి, మధ్యలో వంగకూడదు. కుక్కపిల్లకూ పిల్లికూనకూ పిల్లల పరీక్ష అట్ట చాలు. ఏ పలకా దొరకకపోతే మందపాటి దుప్పటిని నాలుగు మూలలా ఇద్దరు బిగబట్టి లాగి పట్టుకోవాలి. ఊయలలా వేలాడితే వెన్ను వంగిపోతుంది.

తాతయ్య_తెనాలి
మా రోజుల్లో ఈ పలకలూ పట్టీలూ లేవు. గాయంలో పసుపు నింపి, రక్తం ఆగకపోతే కాఫీ పొడి అద్ది, గుడ్డ చుట్టి ఎడ్ల బండిలో వేసి తీసుకువెళ్ళేవాళ్ళం. బతికినవి బతికాయి.

ఐదో_అంతస్తు_పిల్లి
తాతయ్య గారూ, బతకనివాటి లెక్క ఎవరైనా రాసుకున్నారా?

తాతయ్య_తెనాలి
రాసుకోలేదు తల్లీ. ఆ మాట నిజమే.

పశువైద్యుడు_కృష్ణాతీరం
పైపైన గీరుకున్న చోట పసుపు రాస్తే నేను గొడవ పెట్టుకోను. లోతైన గాయం విషయం వేరు. కాఫీ పొడి, సున్నం, పసుపు ముద్ద నింపుకుని వచ్చిన గాయాన్ని కుట్టే ముందు రేణువు రేణువునూ కడిగి తీయాలి. అంతసేపూ ఆ జంతువుకు నరకమే. రక్తం ఆపడానికి ఉతికిన మెత్తటి గుడ్డ మడిచి గాయం మీద అరచేత్తో అదిమి పట్టుకోవడాన్ని మించినది లేదు. ఆగిందో లేదో చూద్దామని మాటిమాటికీ ఎత్తకుండా కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు పట్టుకోవాలి. గుడ్డ తడిసిపోతే దాన్ని తీయకుండా దాని మీదే ఇంకొకటి వేయాలి. తీస్తే అప్పుడే గడ్డ కట్టిన రక్తం కూడా ఊడి వస్తుంది. ఎముక బయటకు పొడుచుకు వస్తే లోపలికి నెట్టకూడదు, శుభ్రమైన తడి గుడ్డ కప్పి అలాగే తీసుకురావాలి. కర్ర ముక్కలు పెట్టి కాలికి కట్టు కట్టడం కూడా వద్దు. సరిగ్గా పడని కట్టు విరిగిన ఎముకకు పక్కలో బరువులా వేలాడి, కట్టు లేనప్పటికన్నా ఎక్కువ హాని చేస్తుంది.

పొలంగట్టు
తాతయ్య గారి లాంటి తప్పే నేనూ చేశాను. మా పొలం దగ్గర కుక్క ముందు కాలి మీద రక్తపింజర కాటు వేస్తే పురికొసతో పైన బిగించి కట్టి, కిలోమీటరు దూరం రోడ్డు దాకా నడిపించాను. డాక్టరు చూసిన వెంటనే కట్టు కోసేశారు. బిగించి కట్టడంతో కాలి కండ చచ్చుబడిందనీ, నడిపించడంతో విషం ఒంట్లోకి తొందరగా పాకిందనీ చెప్పారు. పాము కాటుకు కట్టూ వద్దు, కోతా వద్దు, నడకా వద్దు. కుక్కను ఎత్తుకునే రావాలట. కుక్క దక్కింది, కాలు కొంచెం ఈడుస్తుంది.

పామును చంపి సంచిలో వేసుకువెళ్ళడం కూడా అనవసరం. మన దగ్గర వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ కలిపి తయారుచేసినదే.

ఆటోస్టాండు_అన్న
శారద మేడం గారు ఆటోల గురించి పెద్దగా అనలేదు కాని, అన్నట్టే ఉంది కాబట్టి మా వైపు మాట కూడా చెబుతాను. నేను బెంజ్ సర్కిల్ దగ్గర పదహారేళ్ళుగా ఆటో నడుపుతున్నాను. దెబ్బ తిన్న కుక్కను ఎక్కించుకోనివాడు కుక్కల మీద ద్వేషంతో ఎక్కించుకోకపోవడం అరుదు. సీటుకు రక్తం అంటితే రాత్రికి ఆ బండి తిరగదు, తెల్లారి కడిగినా వాసన పోదు, స్కూలు పిల్లల తల్లులు ముక్కు మూసుకుని దిగిపోతారు. పైగా అది వెనక నుంచి మెడ మీద పడుతుందేమోనన్న భయం ఒకటి.

మీరు రోడ్డు మీద నిలబడి చెయ్యి ఎత్తేటప్పుడే ఒక ప్లాస్టిక్ పట్టా, పాత దుప్పటి కనపడేలా పట్టుకోండి. మూతి కట్టామనో, పలకకు కట్టామనో ముందే చెప్పండి. వెనక్కి ఖాళీగా రావాలి కాబట్టి రానూపోనూ బాడుగ ఇస్తామని చెప్పండి. పదిమందిలో ఏడుగురు ఆగుతారని నేను చెప్పగలను. ఎక్కాక తొందరపెట్టవద్దు. ‘పోనీ అన్నా, పోనీ అన్నా’ అని మీరు అరిస్తే మేము గుంటలు చూడకుండా పోనిస్తాం, అప్పుడు అరిచేది మీ కుక్కే.

బెజవాడ_శారద
అన్నా, ఆ రాత్రి నేను మొత్తం దారి పొడుగునా అదే అరిచాను. మా ఆటో అతను పాపం ఒక్క మాట అనలేదు, బాడుగ కూడా మీటరు మీద పైసా ఎక్కువ తీసుకోలేదు. ఆయన సీటు ఏమైందో నేను వెనక్కి తిరిగి చూడనైనా లేదు.

ఆటోస్టాండు_అన్న
కడుక్కుని ఉంటాడులెండి. పలకను సీటు మీద అడ్డంగా పెట్టి, ఒకరు సీటు చివర కూర్చుని తల వైపు పట్టుకుంటే, ఇంకొకరు కాళ్ళు పెట్టుకునే చోట మోకాళ్ళ మీద కూర్చుని పలక జారకుండా ఆపాలి. అలా ఎక్కినవాళ్ళను నేను ఇద్దరిని చూశాను. వాళ్ళ కుక్కలు అరవలేదు.

కొత్తపెంపకం
1962 నంబరుకు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది కదా, ఆటోల బాధ ఎందుకు?

పొలంగట్టు
వస్తుంది, మా మండలంలో గేదెకు వచ్చింది కూడా. అది ప్రధానంగా పల్లెల్లో పాడి పశువుల కోసం తిరిగే బండి, పగటి పూట తిరిగేది. రాత్రి పదింటికి నగరంలో కుక్క కోసం దాన్ని నమ్ముకుని కూర్చుంటే తెల్లవారుతుంది. ప్రయత్నించడంలో తప్పు లేదు కాని, చేతిలో ఇంకో దారి ఉంచుకోవాలి.

డాలస్_గోదావరి
ఇక్కడ మా కుక్కను గరాజు ముందు కారు తాకినప్పుడు దారిలో నుంచే అత్యవసర పశువైద్యశాలకు ఫోను చేశాం. పార్కింగులో ఆగి తలుపు తీయకుండా కూర్చోమన్నారు, వాళ్ళే చక్రాల బల్ల తెచ్చి ఇద్దరు కలిసి దించుకున్నారు. వసతి గొప్పదే, బిల్లు చూశాక మాకూ ఒక చక్రాల బల్ల అవసరమైంది. నేను చెప్పదలచుకున్నది ఆ ఫోను గురించి. కుక్క బరువు, దెబ్బ తగిలి ఎంతసేపు అయింది, చిగుళ్ళు ఏ రంగులో ఉన్నాయి అని మూడే ప్రశ్నలు వేశారు; మేము చేరేసరికి ఆక్సిజన్ సిద్ధంగా ఉంది. మన దగ్గర కూడా ఫోను చేసి వెళ్ళడానికి ఖర్చేమీ లేదు కదా?

సందేహాల_రావు
మన దగ్గర ఫోను చేస్తే ఎత్తేవారు ఉండాలి కదండీ. మా వీధి క్లినిక్ బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉంటుంది. అది ఏ గడియారం ప్రకారమో ఇప్పటికీ తెలియదు.

పశువైద్యుడు_కృష్ణాతీరం
రావు గారి ఫిర్యాదు న్యాయమైనదే. అందుకే మామూలు రోజుల్లో ఒక రాత్రి పదకొండింటికి ఆ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూసుకోవాలి. ఎత్తని నంబరును అప్పుడే కొట్టేయవచ్చు. శారద గారి నలభై నిమిషాల్లో సగం సమయం మూసి ఉన్న తలుపు దగ్గరే పోయింది.

గోదావరి గారు చెప్పిన చిగుళ్ళ సంగతి అందరూ నేర్చుకోదగ్గది. మీ కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడు పై పెదవి ఎత్తి చిగురు రంగు చూసుకోండి, వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబి రంగులోకి రావాలి. దెబ్బ తగిలాక చిగుళ్ళు సున్నం కొట్టినట్టు ఉన్నా, రంగు తిరిగి రావడానికి ఆలస్యమైనా, బయట చుక్క రక్తం కనిపించకపోయినా లోపల రక్తం పోతోందని అనుమానించాలి. పడుకున్న కుక్క నిమిషానికి ముప్పై సార్లకు లోపు ఊపిరి తీయడం మామూలు. నల్ల చిగుళ్ళున్న కుక్కలకు కంటి కింది రెప్ప లోపల చూడాలి.

నల్లపిల్ల_నిజామాబాద్
మా దానికి నాలుక తప్ప అన్నీ నలుపే. రెప్ప మాట రాసినందుకు ధన్యవాదాలు.

ఐదో_అంతస్తు_పిల్లి
ఇప్పుడు నా కథ. కూకట్‌పల్లిలో మా ఇల్లు ఐదో అంతస్తులో ఉంది. బాల్కనీ వల చిరిగిన మూల నుంచి మా చిట్టి కిందికి పడింది. నేను దిగేసరికి అది పార్కింగులో ఒక కారు కింద నక్కి కూర్చుని ఉంది, రక్తం లేదు, కుంటడం లేదు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ళ మీదే నిలబడుతుందన్న మాట నమ్మి పైకి తెచ్చేసి పాలు పోశాను. గంట తరువాత అది నోరు తెరిచి కుక్కలా రొప్పడం మొదలుపెట్టింది. అలసిపోయిందనుకున్నాను. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తే దాన్ని మించిన ప్రమాద సూచన లేదని నాకు ఆ తరువాతే తెలిసింది.

సంచిలో కుక్కి తీసుకువెళ్దామంటే నా రెండు చేతులూ గీరేసింది. మా వాచ్‌మన్ భార్య వచ్చి, బట్టల బుట్ట బోర్లించి, కింద నుంచి అట్ట జొనిపి, మొత్తం తిరగేసింది. పైన ఇంకో బుట్ట మూతలా పెట్టి చున్నీతో కట్టేసింది. కోళ్ళను పట్టే పద్ధతే అంది. బుట్ట మీద తువ్వాలు కప్పగానే చిట్టి అరవడం మానేసింది. ఊపిరి బాగా కష్టమైతే గట్టిగా పట్టుకోకుండా, ముట్టుకోకుండా, చీకటిగా ఉంచి తీసుకురావడమే మందని ఆసుపత్రిలో చెప్పారు. ఛాతీకీ పొట్టకూ మధ్య పొర చిరిగిందట. నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళాలా, ఇంటి దగ్గరి క్లినిక్‌కా అని నేను ఊగిసలాడుతుంటే, ముందు ఆక్సిజన్ ఎక్కడ దగ్గరగా ఉంటే అక్కడికి వెళ్ళమని ఫోనులో డాక్టరు గద్దించారు. ఆ గద్దింపే దాన్ని కాపాడింది.

పొలంగట్టు
కోళ్ళ గంప కూడా పనిచేస్తుందన్నమాట.

పశువైద్యుడు_కృష్ణాతీరం
బాగా పనిచేస్తుంది. పిల్లికి మూత ఊడదీయడానికి వీలైన బుట్టే కావాలి, ఎందుకంటే మేము దాన్ని ద్వారంలో నుంచి మెడ పట్టి బయటకు లాగకుండా పై భాగం తీసి అక్కడే పరీక్ష చేయగలుగుతాం. పాలు పోసిన సంగతి మాత్రం ఎవరూ అనుసరించవద్దు. దెబ్బ తగిలిన జంతువుకు ఆసుపత్రి చేరేదాకా తిండీ నీళ్ళూ పెట్టకూడదు. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపులో ఉన్నది వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కొత్తపెంపకం
నొప్పి తగ్గడానికి ఏదైనా మాత్ర వేసి తీసుకువెళ్ళవచ్చా? డోలో అర మాత్ర వేస్తే ఫరవాలేదని మా పక్కింటివారు చెప్పారు.

మౌనంగా_చదివేవాడు
ఆ అర మాత్ర వేసి మా పిల్లిని పోగొట్టుకున్నాను. కాలు బెణికిందని వేశాను. మర్నాటికి ముఖం వాచింది, చిగుళ్ళు చాక్లెట్ రంగుకు మారాయి. ఇంతకన్నా రాయలేను.

పశువైద్యుడు_కృష్ణాతీరం
మౌనంగా_చదివేవాడు గారూ, ఇక్కడ రాయడం తేలిక కాదు, రాసినందుకు కృతజ్ఞతలు. డోలో అంటే పారాసిటమాల్. దాన్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది. ఆ చాక్లెట్ రంగు అందువల్లే. కుక్కలకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మనుషుల మాత్ర ఏదీ వద్దు, అరా వద్దు, పావూ వద్దు. పొరపాటున వేసి ఉంటే దాచవద్దు. ఏ మాత్ర, ఎన్నింటికి వేశారో వచ్చీ రాగానే మాకు చెప్పండి, మేము తిట్టం.

సందేహాల_రావు
కొంచెం తిడతారు.

పశువైద్యుడు_కృష్ణాతీరం
వైద్యం అయ్యాక.

నల్లపిల్ల_నిజామాబాద్
ఒక చిన్న అభ్యంతరం. పలక, ఇద్దరు మనుషులు, ఆటో అని అందరూ అంటున్నారు. నేను ఒంటరిగా ఉంటాను. మా కాలనీలో రాత్రి పదకొండు దాటితే ఆటో ఉండదు, స్కూటరు తప్ప గతి లేదు. అప్పుడేం చేయాలి?

డాలస్_గోదావరి
పక్కింటివాళ్ళ తలుపు కొట్టాలి. మనదేశంలో ఉన్న ఆ సదుపాయం మాకు ఇక్కడ లేదు.

పశువైద్యుడు_కృష్ణాతీరం
గోదావరి గారు చెప్పినదే నా మొదటి జవాబు. ఒక్కరే అయితే కుక్క వీపు మీ వైపు ఉండేలా పడుకోబెట్టి, దుప్పటిని దాని వీపు దగ్గర పరిచి, మెడ వెనక చర్మాన్నీ నడుము మీద చర్మాన్నీ రెండు చేతుల నిండా పట్టుకుని దుప్పటి మీదికి మెల్లగా లాక్కోవచ్చు. అక్కడి నుంచి వాహనం దాకా దుప్పటినే లాగవచ్చు.

స్కూటరు మీద ఇద్దరి మధ్య కుక్కను ఇరికించి రావడం నేను వారానికి ఒకసారైనా చూస్తాను. కాలికి దెబ్బ, చిన్న గాయం అయితే, చిన్న కుక్కను గట్టి అడుగున్న బుట్టలో పెట్టి వెనక కూర్చున్నవారు పట్టుకుంటే ఫరవాలేదు. వెన్నుకు గాని ఛాతీకి గాని దెబ్బ ఉంటే స్కూటరు మీద తెచ్చేకన్నా, పలక మీద పెట్టి తెలిసినవాళ్ళ కారు కోసం పది నిమిషాలు ఆగడం మేలని నా అభిప్రాయం. ఆ పది నిమిషాలు దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి. వేడినీళ్ళ సంచి మాత్రం ఒంటికి ఆనించవద్దు. ఎండాకాలం వడదెబ్బకైతే దీనికి పూర్తిగా విరుద్ధం: మామూలు కుళాయి నీళ్ళతో ఒళ్ళు తడిపి, ఏసీ గాని ఫ్యాను గాలి గాని తగిలేలా తేవాలి, ఐసు గడ్డలు వద్దు.

తాతయ్య_తెనాలి
డాక్టరు గారూ, ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి? మా ఇంట్లో దీని మీద ఇప్పుడే వాదన జరిగింది.

పశువైద్యుడు_కృష్ణాతీరం
తెలివిలో ఉంటే అది ఎలా ఉండాలనుకుంటే అలాగే వదిలేయండి. ఊపిరి కష్టమైన కుక్క మోచేతులు దూరంగా పెట్టి, మెడ చాచి, బొజ్జ మీద కూర్చోవాలని చూస్తుంది. పడుకోబెట్టాలని బలవంతం చేయకూడదు. స్పృహ లేకపోతే పక్కకు పడుకోబెట్టి, మెడను తిన్నగా చాచి, నాలుకను ముందుకు లాగి ఉంచాలి. ఛాతీకి ఒక వైపే దెబ్బ ఉందని తెలిస్తే దెబ్బ తగిలిన వైపు కిందికి ఉంచడం మంచిది, బాగున్న ఊపిరితిత్తికి పైన చోటు దొరుకుతుంది.

తాతయ్య_తెనాలి
మా ఆవిడ గెలిచింది.

బెజవాడ_శారద
మూడు వారాల తరువాత రాస్తున్నాను. మా వారు ఆ సాయంత్రమే వెళ్ళి సూదులు మొదలుపెట్టించుకున్నారు. మల్లి ఛాతీలో గాలిని రెండుసార్లు సూదితో తీశారు, తరువాత మళ్ళీ చేరలేదు. కటి ఎముకకు ఆపరేషను అవసరం లేదనీ, ఆరు వారాలు కదలకుండా చిన్న చోట ఉంచితే అతుక్కుంటుందనీ చెప్పి గన్నవరం పశువైద్య కళాశాలలో ఒకసారి ఎక్స్‌రే చూపించుకోమన్నారు.

నిన్న గన్నవరం వెళ్ళాం. క్యారమ్ బోర్డు మీద పాత చాప, చాప మీద దుప్పటి, మూలల కన్నాల్లో నుంచి మా అత్తగారి మంచం నవారు. తుంటి మీద కట్టకుండా భుజాల దగ్గర ఒకటి, పొట్ట దగ్గర వదులుగా ఒకటి కట్టాం. ఆటో మాట్లాడేటప్పుడు అన్న చెప్పినట్టే చేతిలో ప్లాస్టిక్ పట్టా పట్టుకుని నిలబడ్డాను. ఆపిన మొదటి బండే వచ్చింది. నేను కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బోర్డు పట్టుకున్నాను. ఇరవై కిలోమీటర్లకు పైగా వెళ్ళినా మల్లి ఒక్కసారి కూడా అరవలేదు, రామవరప్పాడు దాటాక నిద్రపోయింది.

ఆటోస్టాండు_అన్న
రానూపోనూ ఇచ్చారా?

బెజవాడ_శారద
ఇచ్చాం అన్నా. బోర్డు ఇప్పుడు తలుపు వెనకే నిలబెట్టి ఉంది, నవారు దానికే చుట్టి ఉంది. మా అబ్బాయి ఆదివారం ఆడుకుంటానని అడిగితే, నాణేలు పట్టుకుని పక్కింటికి వెళ్ళమన్నాను. మంచానికి నవారు తక్కువైందని మా అత్తగారు మాత్రం నాతో ఇంకా మాట్లాడటం లేదు.